మూడో సర్వర్ ఆన్ చెయ్యొద్దు

దసరా మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికల్లా సైబర్ సెల్ ఇన్‌స్పెక్టర్ ఝాన్సీ తెనాలి ఆసుపత్రి సర్వర్ రూమ్‌లో నిలబడి ఉంది.

ఎదురుగా స్క్రీన్. స్క్రీన్ మీద ఏమీ లేదు.

ముందురోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకి పేషెంట్ల రికార్డులు మొత్తం మాయమయ్యాయి. ఒక్క తెనాలివే కాదు. డాక్టర్ నాగమల్లేశ్వరరావుకి తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు ఆసుపత్రులున్నాయి. ఊరికో సర్వర్. ఒకచోట రాసింది ఆ క్షణమే మిగతా రెండుచోట్లా పడుతుంది. ఒకటి చెడినా పని ఆగకూడదని మూడింటినీ కలిపి క్లస్టర్ కట్టారు. అయితే చెరిపివేతకీ అదే లెక్క. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది.

"హ్యాకింగ్ మేడమ్," అన్నాడు ఐటీ హెడ్ పూర్ణచంద్ర. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెళ్ళో ఐడీ కార్డు. "నిన్న సాయంత్రం ఎస్సై గారి కళ్ళముందే మూడుసార్లు బ్యాకప్ రీస్టోర్ చేశాను. మూడుసార్లూ డేటా వచ్చింది. పది నిమిషాల్లో మళ్ళీ పోయింది. లోపల ఎవరో కూర్చుని చెరిపేస్తున్నారు."

"ఎవరు?"

"బాపట్ల బ్రాంచ్ నర్సు స్టెల్లా. ఆవిడ లాగిన్‌తోనే మొదటి డిలీట్ జరిగింది. వరమ్మ కేసు విన్నారు కదా?"

ఝాన్సీ విన్నది. పోయిన శనివారం బాపట్లలో వరమ్మ అనే కూలిమనిషి చనిపోయింది. పెన్సిలిన్ ఇంజెక్షన్ పడని మనిషికి అదే ఇంజెక్షన్ ఇచ్చారు. పడదన్న సంగతి చేర్చుకునేటప్పుడు స్టెల్లా రాయలేదని ఆసుపత్రి అంటోంది. రాయలేదు కాబట్టే రికార్డులన్నీ తుడిచేసిందట!

"రీస్టోర్ ఎక్కడ చేశారు?"

"ఇక్కడే. తెనాలి సర్వర్ మీద."

"మిగతా రెండూ?"

"అవీ ఖాళీయే మేడమ్. మూడూ చూశాను."

"బ్యాకప్ డిస్కు ఇవ్వండి."

పూర్ణచంద్ర గొంతు సవరించుకున్నాడు. "వైరస్ ఉందేమోనని రాత్రి ఫార్మాట్ చేసేశాను."

ఝాన్సీకి అరికాలి మంట నెత్తికెక్కింది. పోలీసుల్లోకి రాకముందు ఆమె మూడేళ్ళు డేటాబేస్ ఉద్యోగం వెలగబెట్టింది. ఇల్లు తగలబడుతుంటే బావి పూడ్చేవాణ్ణి మొదటిసారి చూస్తోంది.

"ఎవరినడిగి చేశారు? కేసు నడుస్తుండగా డిస్కు తుడవమని ఎవరు చెప్పారు?"

"సేఫ్టీ కోసం మేడమ్..."

"ఎవరి సేఫ్టీ?"

సర్వర్ రూమ్‌కి తాళం వేయించి, గుమ్మం దగ్గర కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టి, ఆమె జీపెక్కింది.

"బాపట్ల పోనీ," అంది హెడ్ కానిస్టేబుల్ లూకాతో.

*

బాపట్లలో పోలీస్ స్టేషన్ బయటే గొడవ. ఒక కుర్రాడు గేటు పట్టుకుని అరుస్తున్నాడు. వరమ్మ కొడుకు అజయ్ బాబు. స్కూల్ టీచరు. అయిదు రోజులుగా గడ్డం గీసినట్టు లేదు.

"మా అమ్మని పొట్టన పెట్టుకుంది! దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారా?"

ఝాన్సీ అతన్ని దాటుకుని లోపలికెళ్ళింది. ఆసుపత్రి ఫిర్యాదు మీద పిలిపించిన స్టెల్లా బెంచీ చివర కూర్చుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"వరమ్మకి ఆ ఇంజెక్షన్ పడదని నీకు తెలుసా?"

"తెలుసండి. చేరేటప్పుడు ఆవిడే చెప్పింది."

"కంప్యూటర్‌లో రాశావా?"

"రాశాననే అనుకున్నానండి." స్టెల్లా చేతులు నలుపుకుంది. "నా డ్యూటీ దిగిపోయాక ఇంజెక్షన్ ఇచ్చారు. రాయలేదు రాయలేదని అందరూ అంటుంటే, రాశానో లేదో ఇప్పుడు నాకే తెలీట్లేదండి. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఎప్పుడూ మర్చిపోలేదు. ఆ ఒక్కరోజూ మర్చిపోయానేమో. నేనే చంపానేమోనండి."

తప్పు చేయని మనిషి చేత తప్పు చేశాననిపించడం కంటే పాపం ఉంటుందా? కానీ చేయలేదని తేల్చాలంటే ఆ రికార్డు కావాలి. ఆ రికార్డేమో గాలిలో కలిసిపోయింది.

"నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కడున్నావు?"

"ఇక్కడి ఆసుపత్రిలోనేనండి. ఎంక్వైరీ అని డాక్టర్ గారు పిలిపించారు. పదకొండు నుంచి రెండింటిదాకా నిలబెట్టారు."

"ఏ డాక్టర్ గారు?"

"పెద్దాయనేనండి. నాగమల్లేశ్వరరావు గారు. పండగ పూట పనిగట్టుకుని తెనాలి నుంచి వచ్చారు."

"ఫోన్?"

"గుమ్మంలోనే తీసేసుకున్నారండి. రికార్డులు రాసే ట్యాబ్ నన్ను సస్పెండ్ చేసిన మంగళవారమే లాక్కున్నారు."

ఝాన్సీ చివాల్న లేచింది.

పన్నెండింటికి స్టెల్లా డేటా చెరిపిందని ఫిర్యాదు. సంతకం పెట్టింది నాగమల్లేశ్వరరావు. అదే పన్నెండింటికి ఆమె ఆయన ఎదురుగానే చేతులు కట్టుకుని నిలబడి ఉంది! తెనాలిలో పని జరిగేటప్పుడు తను ఊళ్ళో లేనని చూపించుకోవడానికి పెద్దమనిషి బాపట్ల వచ్చి కూర్చున్నాడు. తనకి కట్టుకున్న గోడే ఆమెకీ అడ్డం పెట్టాడు. ఆ ముక్క తట్టలేదు మహానుభావుడికి.

తట్టలేదు సరే. డేటా ఎలా?

ఆమె రేపల్లె బ్రాంచ్‌కి ఫోన్ చేసింది. ఇన్‌చార్జి ఆదిలక్ష్మి ఎత్తింది.

"మీ సర్వర్‌లో రికార్డులున్నాయేమో చూస్తారా అండీ?"

"ఎట్టా చూస్తానమ్మా? ఆపేసి పూజలో పెట్టాను కదా."

"ఏంటీ?"

"ఆయుధ పూజమ్మా. ఇక్కడుంది ఓపీ ఒక్కటే, పండగ రెండు రోజులూ మూత. నిన్న పొద్దున్న తొమ్మిదింటికే కట్టేసి, తుడిచి, బొట్టు పెట్టి, దండ వేశాను. పంతులు గారు సాయంత్రం వచ్చి ఉద్వాసన చెప్పాకే మళ్ళీ మీట నొక్కేది. ఏటా ఇంతే. ఆ పూర్ణచంద్రకి చెప్తే వినడే! నిన్నట్నుంచి ఒకటే ఫోన్లు. ఆన్ చెయ్యి, ఆన్ చెయ్యి అని. పండగ పూట పనిముట్టు ముట్టుకోనని తెగేసి చెప్పాను. ఇప్పుడు తనే బయల్దేరి వస్తున్నాట్ట."

పన్నెండింటికి డేటా చెరిగింది. తొమ్మిదింటికే రేపల్లె సర్వర్ పడుకుంది. ఆ చెరిపివేత దానిదాకా వెళ్ళనే లేదు!

"ఆదిలక్ష్మి గారూ, మీకు దణ్ణం పెడతాను. దాన్ని ఆన్ చెయ్యనివ్వకండి. ఆన్ అయితే ఒక మనిషి బతుకు పోతుంది."

"వాణ్ణి గుమ్మం తొక్కనిస్తే కదమ్మా!"

ఝాన్సీ స్టెల్లాని జీపెక్కించింది. గేటు దగ్గర అజయ్ బాబు అడ్డొచ్చాడు.

"దాన్నెక్కడికి తీసుకెళ్తున్నారు?"

"నీకు తిట్టడానికి మనిషి కావాలా, నిజం కావాలా?"

అతను పక్కకి జరిగాడు.

"నిజం కావాలంటే బండి తీసుకుని మా వెనకాలే రా."

*

చెరుకుపల్లి మీదుగా లూకా జీపుని తరిమాడు. రేపల్లె చేరేసరికి పన్నెండున్నర. ఆసుపత్రి ముందు తెల్లకారు ఆగి ఉంది. లోపల నాగమల్లేశ్వరరావు గొంతు ఖంగుమంటోంది.

"నా ఆసుపత్రి! నా సర్వర్! నువ్వెవరు ఆపడానికి?"

సర్వర్ గది గుమ్మానికి అడ్డంగా ఆదిలక్ష్మి. యాభై దాటిన మనిషి. కొంగు బిగించి, తాళంచెవులు నడుముకి దోపుకుంది.

"మీ సర్వరే డాక్టర్ గారూ, కాదన్నానా? పూజలో ఉన్నదాన్ని కదపనంటున్నాను. ఉద్యోగం తీసేస్తారా? తీసెయ్యండి."

పూర్ణచంద్ర ఆమె పక్కనుంచి చెయ్యి దూర్చి గడియ లాగబోతున్నాడు.

"చెయ్యి తియ్!"

ఝాన్సీ కేకకి అతను గడియ వదిలేశాడు. తేలు కుట్టిన దొంగలా ఆమె వంక చూశాడు.

అందరినీ లోపలికి రమ్మంది. చిన్న గది. బల్ల మీద సర్వర్. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఝాన్సీ ముందుగా వెనక్కి చెయ్యి పెట్టి నెట్‌వర్క్ కేబుల్ పీకేసింది. పూర్ణచంద్ర మొహంలో రంగు మారింది.

"అర్థమైంది కదా, కేబుల్ ఎందుకు పీకానో? మిగతావాళ్ళకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అతను తలుపు వైపు చూశాడు.

"సరే, నేనే చెప్తాను. ఈ మూడు సర్వర్లూ ఎప్పుడూ ఒకే మాట మీద ఉండాలి. ఒకటి ఆగిపోయి మళ్ళీ వచ్చి కలిసిందనుకోండి. నడుస్తున్న మిగతావాటి దగ్గరున్నదే నిజమనుకుని, తన దగ్గరున్నది మార్చేసుకుంటుంది. నిన్న ఇతను తెనాలి సర్వర్ ఒక్కదాన్నే ఆపి, బ్యాకప్ నుంచి నింపి, మళ్ళీ క్లస్టర్‌లో కలిపాడు. అటువైపు బాపట్ల సర్వర్ ఖాళీగా నడుస్తోంది. దాన్ని చూసి తెనాలి కూడా ఖాళీ అయింది. మూడుసార్లూ అదే తంతు. హ్యాకరూ లేడు, వాడి తాతా లేడు."

"పొరపాటు జరిగింది మేడమ్. కంగారులో..." పూర్ణచంద్ర గొణిగాడు.

"పొరపాటా?" ఆదిలక్ష్మి అందుకుంది. "నిరుడు వరదల్లో బాపట్ల సర్వర్ తడిసి, డేటా అంతా పాడైనప్పుడు బ్యాకప్ పెట్టింది నువ్వు కాదూ? నేను తొందరపడి దీన్ని ఆన్ చేశానని ఫోన్లో నన్ను నానా తిట్లూ తిట్టలా? 'ముందు మూడూ ఆపాలి, ఒకదాంట్లో నింపి దాన్నే మొదట లేపాలి, మిగతావి దాని వెనక రావాలి' అని బడిపిల్లకి చెప్పినట్టు చెప్పలా? నిరుడు తెలిసిన పని ఈ ఏడు మర్చిపోయావా నాయనా?"

ఝాన్సీ పూర్ణచంద్ర వైపు తిరిగింది.

"విన్నావుగా," అంది ఝాన్సీ. "ఎలా చేస్తే నిలుస్తుందో నీకు తెలుసు. తెలిసే నిలవకుండా చేశావు. ఎస్సైని సాక్షిగా కూర్చోబెట్టి హ్యాకర్ కథ అల్లావు. తర్వాత బ్యాకప్ తుడిచావు. వరమ్మ రికార్డు ఒక్కటీ తీసేస్తే వేలు మీ మీదికే వస్తుందని మొత్తం చెరిపారు. సస్పెండ్ చేసిన నర్సు లాగిన్ ఎందుకు ఆపలేదు? వాడుకోవడానికే కదూ? నీ ఖర్మ కాలి ఈ రేపల్లె సర్వర్ నిద్రపోతోంది. మూడూ చూశానని నాకు అబద్ధం చెప్పి, దీన్ని లేపడానికి పరుగెత్తుకొచ్చావు. లేపితే ఇదీ తుడుచుకుపోతుంది."

"ఇదంతా మీ ఊహ," అన్నాడు నాగమల్లేశ్వరరావు.

"పన్నెండింటికి స్టెల్లా డిలీట్ చేసిందని రాసిచ్చారు. పన్నెండింటికి ఆమె ఎక్కడుంది డాక్టర్ గారూ?"



ఝాన్సీ మీట నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. డేటాబేస్‌ని ఒంటరిగా లేపింది. ఆ రెండు నిమిషాలూ స్టెల్లా స్క్రీన్ వైపు చూడలేదు. గోడకేసి తిరిగి నిలబడింది.

"రామ్మా. చదువు."

"నావల్ల కాదండి."

"నువ్వే చదవాలి."

స్టెల్లా స్క్రీన్ ముందుకొచ్చింది. వరమ్మ పేరు. చేరిన తేదీ. దాని కింద ఎర్ర అక్షరాలు.

"పెన్సిలిన్ పడదు. గతంలో ఊపిరాడని స్థితి. పేషెంట్ స్వయంగా చెప్పారు. నమోదు: స్టెల్లా." ఆమె తన పేరు మీద వేలు పెట్టింది. "రాశాను. రాశానండీ! నేను రాశాను!"

"కింద కూడా చదువు."

"హెచ్చరిక చూశాను. ఇంజెక్షన్ ఇవ్వండి. ఆర్డరు..." ఆమె తలెత్తి డాక్టర్‌ని చూసింది. "ఆర్డరు, డాక్టర్ నాగమల్లేశ్వరరావు."

"ఈ కూలి జనం అంతా ఇంతే!" డాక్టర్ విసుక్కున్నాడు. "ఏది రాయబోయినా అది పడదంటారు. ప్రతిదీ వింటూ కూర్చుంటే ప్రాక్టీసు నడుస్తుందా?"

అజయ్ బాబు ఒక్క ఉదుటున ఆయన కాలర్ పట్టుకున్నాడు. లూకా అడ్డం పడి విడదీయడానికి నానా తంటాలూ పడ్డాడు. ఝాన్సీ మాత్రం అంత తొందరగా ఏమీ కదల్లేదు. కావాలనే కదల్లేదు.

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. రేపల్లె డేటాకి రెండు కాపీలు తీసి సీలు వేశారు. తెనాలి, బాపట్ల సర్వర్ల పాత డిస్కులు సాక్ష్యం కింద తీసేసి, కొత్తవి వేయించారు. రేపల్లెని మొదట లేపి, కేబుల్ తగిలించి, మిగతా రెంటినీ దాని వెనక కలిపారు. ఈసారి చెరిపివేతకి బదులు వరమ్మ రికార్డు మూడు ఊళ్ళకీ వెళ్ళింది. లూకా ఇద్దరినీ జీపెక్కించాడు. పూర్ణచంద్ర ఏడుస్తున్నాడు. డాక్టర్ ఎవరికో ఫోన్ చేయబోతే ఝాన్సీ ఫోన్ లాక్కుంది.

వరండాలో అజయ్ బాబు స్టెల్లా ముందుకొచ్చి నిలబడ్డాడు. తల ఎత్తలేకపోతున్నాడు.

"స్టెల్లక్కా, తప్పయిపోయింది. క్షమించక్కా."

స్టెల్లా కళ్ళు తుడుచుకుంది. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. అయిదు రోజులుగా రావాల్సిన కోపం ఇప్పుడొచ్చింది.

"ఇక్కడ కాదు తమ్ముడూ. మొన్న ఆదివారం ఆరాధన మధ్యలో లేచి, చర్చి నిండా జనం ఉండగా, నన్ను వేలెత్తి చూపించి హంతకురాలన్నావు. మా పిల్లలు నా పక్కనే కూర్చున్నారు. ఎల్లుండి ఆదివారం వస్తాను. పిల్లల్ని తీసుకుని, అదే బెంచీ మీద కూర్చుంటాను. అంతమంది ముందూ లేచి చెప్పు."

"చెప్తానక్కా. నువ్వు రాశావని చెప్తాను."

"అదొక్కటీ చాలదు. మీ అమ్మ నోరు విప్పి చెప్పిందని చెప్పు. కూలిమనిషి చెప్పిందని వాడు వినలేదని చెప్పు."