శవపేటిక మీద కోడిపిల్ల

దేశం కోపాన్ని కొలిచే ఆగ్రహసూచి పొద్దున్నే డెబ్భై ఒకటి దగ్గర మొదలైంది. పదకొండు గంటలకల్లా దాన్ని నలభైకి దించాలి. మరివిక్ ముందుగా జనం ఫోన్లలోకి సంతాప గీతాలు వదిలింది, తర్వాత వరదలోంచి కుక్కపిల్లను ఎత్తుకొచ్చిన సైనికుడి దృశ్యం, ఆ పైన బాస్కెట్‌బాల్. సూచి నలభై ఎనిమిదికి జారింది. జనం ఎంత తేలిగ్గా చల్లారతారో ఆమె పదకొండేళ్లుగా చూస్తూనే ఉంది.

మనీలాలోని జాతీయ స్పందన మండలిలో ఆమె చల్లార్పరి. ఏ ఘోరం జరిగినా దేశానికి తొమ్మిది రోజులు కోపం తెచ్చుకునే హక్కుంది. పోయినవాళ్ల కోసం తొమ్మిది రోజులు ప్రార్థించే ఆచారం ఎలాగూ ఉంది కదా అని ఏలినవారు దాన్నే చట్టం చేసుకున్నారు. తొమ్మిదో రోజు పదకొండు గంటలకు ఘటన మూతపడుతుంది. ఆ తర్వాత దాని గురించి ఎవరేం రాసినా ఎవరికీ కనపడదు, ఏ కోర్టూ ఎవరినీ పిలవదు. ఎంత ముచ్చటైన ఏర్పాటో చూడండి.

ఇవాళ తుపానుకి బగోంగ్ ఇలయా ఊరి వరదకట్ట తెగి తొమ్మిదో రోజు. బడిలో తలదాచుకున్న నలభై ముగ్గురు కొట్టుకుపోయారు. ఇనుము ఉండాల్సిన చోట వెదురు పెట్టి ఆ కట్ట కట్టించిన గవర్నర్ లక్సామానా, ఇవాళ పదకొండింటికే సెనేటర్‌గా ప్రమాణం చేస్తున్నాడు. మొదటి రోజు దేశమంతా వాణ్ణి పేరుపెట్టి తిట్టింది. మూడో రోజుకి సగం మంది తుపానుకి ఆయనేం చేస్తాడన్నారు. ఐదో రోజున మహానుభావుడు శిబిరంలో గిన్నెలు కడుగుతుంటే చూసి మురిసిపోయారు. సిగ్గుండాలి.

ఆ నలభై ముగ్గురిలో మరివిక్ తమ్ముడు జున్‌జున్ ఉన్నాడు. బడి వాచ్‌మన్. పిల్లలందరినీ పైకప్పు ఎక్కించి తను కింద మిగిలిపోయాడు. ఆ సంగతి ఆమె మండలిలో చెప్పలేదు. చెబితే ఈ బల్ల దగ్గర కూర్చోనివ్వరు. నిన్న శవజాగరణ మధ్యలోంచి లేచి డ్యూటీకి బయల్దేరింది.

పదకొండుకు పది నిమిషాలుందనగా యంత్రం ఒక దృశ్యాన్ని ఆపి ఆమె ముందు పెట్టింది. తెల్లటి శవపేటిక. దాని అద్దం మీద పసుపు కోడిపిల్ల గింజలు పొడుచుకుంటోంది. మనిషిని ఎవరైనా చంపితేనే అక్కడ అలా పెడతారు. అది పొడిచిన ప్రతి పోటూ చంపినవాడి గుండెలో దిగుతుందని నమ్మకం. యంత్రానికి ఆ సంగతి అంతుపట్టదు, అందుకే మనిషిని అడుగుతుంది: అలంకారమా, అభియోగమా?

అభియోగమైతే ముద్దాయి కోర్టు మెట్లెక్కేదాకా ఘటన మూతపడదు. అందుకే మండలిలో అందరూ అలంకారమే నొక్కుతారు. కోడిపిల్ల చెరిగిపోయి పూలగుత్తి వస్తుంది. మరివిక్ అలా మూడు వందల పన్నెండు సార్లు నొక్కింది, ఉద్యోగం కదా అని సర్దిచెప్పుకుంటూ. ఇప్పుడు అద్దం కింద జున్‌జున్ ముఖం. పక్కన అమ్మ, గుప్పిట్లో నూకలు. అమ్మ ఏడవడం లేదు, కెమెరా వంకే చూస్తోంది. మరివిక్‌కి ఒళ్లు భగ్గుమంది. లక్సామానా మీద ఎంత కసి పుట్టిందో తన మీద తనకీ అంతే పుట్టింది.

అభియోగం నొక్కింది. ముద్దాయి పేరు అడిగితే లక్సామానా అని కొట్టింది. ఆమె పాత నిర్ణయాలనూ అభియోగాలుగా మార్చాలా అని యంత్రం అడిగింది. మార్చమంది. మూడు వందల పన్నెండు కోడిపిల్లలు తమ తమ పేటికల మీదికి తిరిగొచ్చాయి. యంత్రానికి ఇంకో గడి మిగిలింది: వీటిని చెరిపినవారి పేరు.

పర్యవేక్షకుడు రొమేల్ పరుగున వచ్చాడు. వయసులో చిన్నవాడు, ఆమెను అక్కా అన్నట్టు ఆతె అంటాడు. ముందు మంచిగానే చెప్పాడు, చెయ్యి జారిందని రాసుకుందాం, రద్దు చేయడానికి ఇంకా నిమిషం ఉందని. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఆతె, సెనేటర్‌గారి సంగతి ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. ఆ గడిలో నీ పేరు పడితే మాత్రం జైలే.”

“తెలుసు సర్.”

“ఎవరి కోసం ఇదంతా?”

“ఆ పేటికలో ఉన్నది నా తమ్ముడు.”

రొమేల్ రద్దు మీట మీద పెట్టిన వేలు తీసేశాడు.

ఆమె తన పేరు పూర్తిగా కొట్టింది, మరివిక్ దిమాయుగా ఎస్కలోనా. సూచి తొంభై తొమ్మిదికి చేరి, ఆ పైన అంకెలు చాలక ఆగిపోయింది. గోడ మీది తెరలో లక్సామానా కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం మొదలుపెట్టాడు. అప్పుడే ఆ సభలో ఒక్కొక్కరి ఫోన్లోంచీ కోడిపిల్లల కిచకిచలు లేచాయి. జనం తలలు వంచి చూసుకున్నారు, తర్వాత ఒక్కొక్కరే తలెత్తి వాణ్ణి చూశారు. లక్సామానా మాట మధ్యలో ఆగిపోయాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తున్నా మరివిక్ కుర్చీలోంచి కదల్లేదు. తెరలో వాడి నుదుటి మీద చెమట పట్టేదాకా చూడాలనుకుంది. పట్టింది.