ఖాళీ కుర్చీ వంతు

మూతపడ్డ ప్రెస్సు ముందు నుంచి రాత్రిపూట ఎవరూ నడవరు. ఎదుటివైపు రోడ్డంతా గుంతలు. అయినా సరే, ఆ గుంతల్లో పడుతూ లేస్తూ అటే పోతారు.

లోపల ఎవరో కాగితాలు లెక్కపెడుతుంటారని పక్క గోదాము వాచ్‌మన్ చెబుతాడు. ఒక్కో కాగితం విడదీసిన చప్పుడు… కాసేపు నిశ్శబ్దం… మళ్లీ చప్పుడు. యంత్రాలు ఎప్పుడో అమ్మేశారు. లెక్కపెట్టడానికి అక్కడ కాగితమన్నదే లేదు.

ఇలాంటి మాటలు చెప్పేవాళ్లలో చాలామంది ఇంకొకరు చెబితే విన్నవాళ్లే. ఇది మాత్రం ఆ ప్రెస్సు లోపల కూర్చున్న మనిషి స్వయంగా నాకు చెప్పింది. అక్కడే అచ్చు యంత్రం నడిపిన మనిషి. ప్రెస్సు మూతపడ్డాక అక్కగారింట్లో ఉంటున్నాడు. తాళంచెవి తిరిగిమ్మని యజమాని అడగలేదు, ఇతనూ ఇవ్వలేదు.

అక్క భర్త రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాడు. “పగలంతా జనం రక్తం తీస్తాడు, చీకటి పడితే రక్తం తాగేవాళ్లతో కూర్చుంటాడు” అని అక్క దెప్పుతూ ఉంటుంది. బావకూ బావమరిదికీ ఉన్న పిచ్చి ఒక్కటే — రక్తపిశాచుల కార్డుల ఆట. ఏళ్లతరబడి కొని, మార్చుకుని పోగేసిన కార్డుల్లోంచి ఎవరి కట్ట వాళ్లు కూర్చుకోవాలి. ఆటలో ప్రతివాడూ తన ఎడమ పక్కవాణ్ని వేటాడతాడు. కుడి పక్కవాడు తనని వేటాడతాడు. ఆటలో పాయింట్లనే రక్తం అంటారు, అది అయిపోయినవాడు ఓడినట్టు.

ఆట సంగతి ఎలా ఉన్నా, ఆ ఇంట్లో అసలు గొడవ కట్ట కూర్చడం దగ్గరే.

“నలుగురు ముసలి పిశాచ ప్రభువులు చాలురా. ఒక్కడు లేచాడంటే ఎదుటివాడి పని సరి,” అనేవాడు బావ.

“వాడు లేచేలోపు నీ పని సరి. ఏనుగుల్ని మేపుతున్నావు బావా. చిన్నవాళ్లను పదిమందిని పెట్టు, చీమల్లా పాకిపోతారు.”

“చీమల్ని తొక్కడానికి ఒక్క కాలు చాలు.”

“కట్ట పలచగా ఉండాలి. కావలసిన కార్డు కావలసినప్పుడు రావాలి. నీ కట్ట దిండంత ఉంది.”

“పడుకోవడానికైనా పనికొస్తుంది, మీరిద్దరూ వరండాలోకి నడవండి,” అనేది అక్క. అలా భోజనాల బల్ల మీంచి వరండాలోకి, వరండాలోంచి ప్రెస్సు వెనక బైండింగు గదిలోకి చేరారు.

ఆ ఏడు పెద్ద పోటీకి వాళ్ల క్లబ్బుకు ఒక్కటే చోటు వచ్చింది. గెలుపుల్లో ఇద్దరూ సమానంగా ఉన్నారు. “మీలో మీరు తేల్చుకుని ఒకర్ని పంపండి. గుమ్మం దగ్గర క్లబ్బు పేరు చెబితే చాలు, కూర్చోబెడతారు,” అన్నాడు క్లబ్బు పెద్ద. ఆయన బడిలో లెక్కల మాస్టారు.

పోటీకి ముందు రాత్రి తేల్చుకోవడానికి కూర్చున్నారు. గెలిచినవాడే వెళ్లాలి — ఆ మాట ఇద్దరూ పైకే అనుకున్నారు.

ముగ్గురైనా లేందే ఆ ఆట రక్తి కట్టదు. మనిషి దొరకనప్పుడు ఆటగాళ్లు ఒక పద్ధతి పాటిస్తారు. ఖాళీ కుర్చీ వేసి, దాని ముందూ ఒక కట్ట పెడతారు. దాని వంతు వచ్చినప్పుడు పై కార్డు తిప్పుతారు. కార్డు ఏం చెబితే కుర్చీ అది చేసినట్టు లెక్క. ఆ రాత్రి కుర్చీకి ఇచ్చిన కట్ట, వాళ్లిద్దరూ వాదించుకుని వాదించుకుని తీసి పారేసిన కార్డులతో కట్టింది. అంటే చెత్త.

బావకు ఎడమ పక్క బావమరిది. బావమరిదికి ఎడమ పక్క కుర్చీ. కుర్చీకి ఎడమ పక్క బావ. అంటే కుర్చీ వేట బావ మీద.

ఆట మొదలైన కాసేపటికి అక్క తమ్ముడికి ఫోన్ చేసింది. గదిలో సిగ్నల్ సరిగా అందదు, మాట తెగిపోతుంది. వసారాలోకి వెళ్లి, “వస్తున్నాం అక్కా, తలుపు గడియ పెట్టకు” అని చెప్పి వచ్చాడు.

వచ్చి కుర్చీ కార్డు తిప్పితే — వేటకుక్కలు.

అది చెత్త కార్డు కాదు. ఆ ఆటలో అంతకంటే కరిచే కార్డు తక్కువ. బావ రక్తం ఒక్కసారిగా సగానికి పడింది.

“ఇది ఇందులోకి ఎలా వచ్చిందిరా?” అన్నాడు బావ.

“నన్నడుగుతావేం?”

“ఎవర్ని అడగాలి మరి… దాన్నా?” బావ కుర్చీ వైపు చూపించాడు. ఇద్దరూ అటు చూశారు. ఇద్దరూ వెంటనే చూపు తిప్పేసుకున్నారు.

బావ నష్టపోతే లాభం తనకి. అంటే తనే పెట్టాడని బావ అనుమానం. ఉప్పు తింటున్న ఇంట్లో దొంగతనం అంటగడుతున్నాడు… బావమరిది ఆ కార్డును విసురుగా పక్కకి నెట్టాడు.

తర్వాత బావకు ఫోన్ వచ్చింది. ఆయన బయటికి వెళ్లాడు.

ఇక్కడ చెబుతున్న మనిషి గ్లాసులో నీళ్లు తాగాడు. “నేనొక పని చేశానండీ,” అన్నాడు.

తన కట్టలోంచి మేలైన కార్డు — కోట కాపలా — తీసి కుర్చీ కట్ట పైన పెట్టాడు. కాపలా పడితే కుర్చీ మీద తన వేట సాగదు. తన వేట సాగకపోతే బావే గెలుస్తాడు. ఉద్యోగం పోయిన నాటి నుంచి ఆ మనిషి తనను ఒక్క మాట అనలేదు. ఆయన చాలా ఏళ్లుగా ఎదురుచూస్తున్న పోటీ అది. “నువ్వే వెళ్లు బావా” అంటే ఒప్పుకోడు. దానం చేస్తున్నావా అంటాడు. అందుకని ఓడిపోదామనుకున్నాడు.

బావ వచ్చి కూర్చున్నాడు. కుర్చీ వంతు. కోట కాపలా. బావమరిది చిన్న పిశాచులన్నీ గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయాయి. “అరె…” అన్నాడతను, ఆశ్చర్యపోయినట్టు.

బావ నవ్వలేదు. అతని మొహంలోకే చూస్తున్నాడు.

మళ్లీ కుర్చీ వంతు. తిప్పారు.

మళ్లీ వేటకుక్కలు.

బావమరిది ఆ కార్డును తిరగేసి మళ్లీ చూశాడు. తను పెట్టింది ఒక్కటి. ఇది ఎవరు పెట్టారు? తన గొంతు తనే కోసుకునేవాడు ఉండడు, కాబట్టి బావ కాదు. మరి? అడిగితే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే, ముందు తన సంగతే బయటపడుతుంది. అడగలేదు. బావకు తన పని తెలిసిపోయి ఆడిస్తున్నాడేమో… ఆ ఆలోచన ఒకటి. ఆ గది గురించి జనం అనే మాట ఇంకొకటి. రెండింటిలో ఏది మంచిదో తేల్చుకోలేకపోయాడు.

“ఒరేయ్,” అన్నాడు బావ, చాలా మెల్లగా. “చేతులు బల్ల మీద పెట్టు.”

“నువ్వూ పెట్టు.”

పెట్టారు. నాలుగు అరచేతులు బల్ల మీద బోర్లా. ఫోన్లు రాలేదు. ఎవరూ లేవలేదు. కుర్చీ కట్ట ఇద్దరి కళ్ల ముందే ఉంది, దీపం కింద.

“ఇప్పుడు తిప్పు,” గుసగుసగా అన్నాడు బావ.

“నువ్వు తిప్పు.”

బావ ఒక్క చెయ్యి ఎత్తి, రెండు వేళ్లతో పై కార్డు తిప్పాడు.

సగం తెరిచిన తలుపు బొమ్మ. కింద ఒక్క వాక్యం — మిగిలినవారి రక్తమంతా నీది.

ఆట అయిపోయింది. కుర్చీ గెలిచింది.

చివరికి బావమరిదే బయటపడ్డాడు. “బావా… కాపలా కార్డు పెట్టింది నేనే. నువ్వు గెలవాలని.”

బావ అతన్ని ఎగాదిగా చూశాడు. భుజాలు కదలడం మొదలైంది. నవ్వు. “వెధవా… కుక్కల్ని పెట్టింది నేనురా. రెండూ నేనే. నువ్వు ఫోన్‌కి వెళ్లినప్పుడు ఒకదాని కింద ఒకటి దూర్చాను. నువ్వు గెలవాలని.”

“నీ మీదికి నువ్వే ఉసిగొల్పుకున్నావా?”

“ఇంట్లో మూల కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నావు. నలుగురిలోకి వెళ్లొస్తే మనిషివవుతావని. మీ అక్కకు కూడా చెప్పలేదు.”

ఇద్దరూ పగలబడి నవ్వారు. మేలైన కార్డులన్నీ దొంగచాటుగా కుర్చీకే మేపారు. ఇద్దరి మీదా అది గెలవక ఏం చేస్తుంది? ఏ చిక్కూ లేదు. దెయ్యమూ లేదు. ఉన్నదల్లా ఇద్దరు మొహమాటస్తులు.

“నువ్వే వెళ్లు,” అన్నాడు బావ కళ్లు తుడుచుకుంటూ. “మనసారా చెబుతున్నా.”

“సరే బావా.” కార్డులు సర్దడం మొదలుపెట్టాడు. “కానీ ఆ ఆఖరి కార్డు మాత్రం భలే దాచావు. ఎప్పుడు కొన్నావు? నాకెప్పుడూ చూపించలేదే.”

బావ నవ్వు ఆగింది.

“అది నీది కాదూ?”

“కాదు.”

“రెండే పెట్టానురా నేను.”

“నేను ఒక్కటే.”

కార్డు బల్ల మీదే ఉంది. మిగతా కార్డులన్నిటికీ నల్ల తొడుగులున్నాయి. దీనికి లేదు. అంచులు మెత్తబడ్డాయి. బావమరిది చేతిలోకి తీసుకున్నాడు… వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఎవరో గుప్పిట్లో పట్టుకున్నట్టు.

ప్రెస్సువాళ్ల జేబులో భూతద్దం ఉంటుంది. తీసి చూశాడు. అచ్చయిన బొమ్మ ఏదైనా సరే, దగ్గరగా చూస్తే రంగు చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఇందులో ఒక్క చుక్క లేదు. రంగు కాగితంలోకి ఇంకి ఉంది.

“ఇది అచ్చు కాదు బావా,” అన్నాడు.

బావ దాన్ని దీపం దగ్గర పెట్టి, గోటితో కొద్దిగా గీకి, గోటి చివర చూసుకున్నాడు. రోజూ ల్యాబులో రక్తం చూసే మనిషి. “నీ వేలు ఎక్కడైనా తెగిందా?” అని అడిగాడు.

“లేదు. నీది?”

కార్డులన్నీ అక్కడే వదిలేసి బయటపడ్డారు. షట్టరు దించి తాళం వేస్తుంటే లోపల కాగితం విడదీస్తున్న చప్పుడు వినబడిందని అతను చెప్పాడు. భయంలో ఏ చప్పుడైనా అలాగే వినబడుతుంది. ఆ మాటా అతనే అన్నాడు.

“మర్నాడు పోటీకి వెళ్లారా?” అని అడిగాను.

“లేదండీ. కట్ట ఆ గదిలో ఉండిపోయింది. తెచ్చుకోవడానికి ఇద్దరికీ కాళ్లు రాలేదు. మాస్టారికి ఎలా చెప్పాలో తెలీక ఊరుకున్నాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. కావాలంటే అక్కని అడగండి.”

అక్కని అడిగాను. నిజమే. ఇద్దరూ గడప దాటలేదు. ఎన్నడూ లేనిది, వద్దంటున్నా కూరలు తరిగిపెట్టారట.

చీకటి పడ్డాక మాస్టారు ఫోన్ చేశాడు. చీవాట్లు తప్పవనుకుని బావ ఫోన్ ఎత్తాడు. అందరికీ వినబడేలా పెట్టాడు. అక్క కూడా విన్నది.

“గెలిచాం,” అన్నాడు మాస్టారు సంతోషంగా. “అందర్నీ వరసగా లేపేశాడయ్యా. ఇంత మంచి ఆటగాణ్ని ఎక్కడ దాచారు? గుమ్మం దగ్గర మన క్లబ్బు పేరు చెప్పాడట, ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడడేం? పేరడిగితే నవ్వాడు. మీ ఇంటి దారి ఎటని, అదొక్కటే అడిగాడు. చెప్పి పంపించాను.”

బావ ఫోన్ పెట్టేశాడు. అక్క లేచి వెళ్లి తలుపు గడియ పెట్టింది.