ఏడు థర్మకోల్ సముద్రాలు

కోదాడలో సైన్స్ ఫెయిర్. వరసగా ఏడు సముద్రాలు. ఏడింటికీ అదే నీలం రంగు, అదే ఎర్ర బల్బు, అదే ప్లాస్టిక్ తిమింగలం. ఏడూ నా కొట్లో కొన్నవే. పిల్లలకు సైన్స్ రాకపోయినా ప్రైజు రావాలనే తల్లిదండ్రులు ఉన్నంతకాలం నాకు ఢోకా లేదనుకునేవాణ్ణి.

ఆ రోజు జడ్జి, మునగాల సర్కారు బడి సైన్స్ టీచర్ అరుణ.

"సముద్రం ఎందుకు వేడెక్కుతున్నది?" మొదటి పిల్లాణ్ణి అడిగింది.

"శశి అన్న చెప్పలే మేడం."

"ఎవరా అన్న?"

ఏడు వేళ్ళు నా వైపు తిరిగాయి. అంత అందమైన కళ్ళు నన్ను మొదటిసారి చూడటమే దొంగను చూసినట్టు చూశాయి.

"ఫస్ట్ ప్రైజ్ మీకే ఇయ్యాలె. ఇంతకూ ఎందుకు వేడెక్కుతున్నది సార్?"

"బల్బు పెట్టినం కద మేడం!"

హాలంతా నవ్వింది, ఆమె తప్ప.

"శనివారం మా బడికొచ్చి, థర్మకోల్ లేకుండ పిల్లలకు చెప్పండి. రాకపోతే గీ దందా బంద్ చెయ్యండి."

దందా పోతే పోయింది, ఆమె ముందు ఇంకోసారి వెధవను కాలేను. డిగ్రీలో కూడా చదవనంతగా ఏడో తరగతి పుస్తకం చదివాను.

శనివారం వాళ్ళ బడిలో గాలి బుగ్గను, అదే బెలూన్‌ను, వెలిగించిన కొవ్వొత్తి మీద పట్టాను. టప్పున పగిలింది. నీళ్ళు నింపిన బుగ్గను పట్టాను. పగల్లేదు.

"మంట వేడి రబ్బరును దాటి నీళ్ళలకు పోతది. ఆ వేడిని నీళ్ళు మింగుతయి, అందుకే బుగ్గ పగల్లే. లారీలు, ఫ్యాక్టరీల పొగతోటి పెరిగిన వేడిల ఎక్కువంతు సముద్రం గిట్లనే మింగుతున్నది."

ముందు బెంచీలో రంగి అనే పిల్ల చెయ్యెత్తింది. "ఎన్ని రోజులు మింగుతది సార్?"

ఏదో ఒకటి చెప్పేద్దామనుకున్నాను. వెనక బెంచీ నుంచి అరుణ చూస్తోంది.

"నాకు తెల్వదు బిడ్డా. తెలుసుకొని చెప్త."

అప్పుడు నవ్వింది అరుణ. కొవ్వొత్తితో పని లేకుండానే నా చెవులు వేడెక్కాయి.

గేటు దాకా వచ్చి, "ఇంకేమన్న చెప్పేదున్నదా?" అంది.

"ఉన్నది. భయమైతున్నది."

"సముద్రం లెక్క మింగుకుంట కూసుంటే తుఫాన్ అయితది. చెప్పు."

"నువ్వంటే ఇష్టం."

ఆమె సిగ్గుపడలేదు. పేపరు దిద్దేటప్పుడు చూసినట్టు చూసింది.

"మా నాయిన యోహాను, రిటైర్డ్ సైన్స్ సార్. రేపు చర్చి అయినంక ఇంటికొచ్చి ఆయనకు చెప్పు."

"ఒప్పుకుంటడా?"

"శాన ప్రశ్నలడుగుతడు. తెల్వకుంటే తెల్వదను. రెడీమేడ్ జవాబులు మాత్రం తేకు."

కోదాడలో బస్సు దిగుతూనే కొట్టుకెళ్ళి, బోర్డు మీది 'ప్రాజెక్టులు రెడీగా దొరుకును' అన్న వరసకు సున్నం కొట్టాను.