రుచిమాపకం

2087 నాటికి ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి తీసుకోవాలో ఎవరూ ఎవరినీ అడగడం లేదు. రుచిమాపకం చెబుతోంది.

కాలేజీలో చేరాక మొదటి ఆరు నెలలు పాఠాలుండవు. విద్యార్థి లైబ్రరీలో తనకు నచ్చింది చదువుకోవాలి. నుదుటికి కట్టిన సన్నటి పట్టీ కనుపాప విప్పారడాన్నీ, ఊపిరి నెమ్మదించడాన్నీ, చివరికి నోరూరడాన్నీ కొలుస్తుంది. మనసు ఏ పేజీ దగ్గర ఆగిందో దానికి తెలుసు.

తణుకు అమ్మాయి కౌముదికి రాకెట్ బ్రాంచి రావాలని తల్లి రత్నమాల పట్టుదల. అందుకే ముందుగానే రుచి కోచింగ్‌లో చేర్పించింది. రాకెట్ పుస్తకం తెరిచినప్పుడల్లా అక్కడివాళ్లు నోట్లో పూతరేకు పెట్టేవారు. పుస్తకం కనబడితే చాలు, కళ్లు విప్పారేలా తయారుచేశారు.

ఫలితాల రోజు యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ శేషఫణి ఎదుట కూర్చుంది కౌముది.

"రాకెట్ పుస్తకాలకు కళ్లు విప్పారాయి," అంది యంత్రం. "నోరు కూడా ఊరింది. ఆ పేజీలు లెక్కలోంచి కొట్టేశాను."

కౌముది మొహం పాలిపోయింది.

"ఇంకేం మిగిలింది?" అడిగాడు శేషఫణి.

"ఒక్క పుస్తకం. నా డిజైన్ పుస్తకం," అంది యంత్రం.

శేషఫణి కళ్లజోడు తీశాడు. "అదెందుకు చదివావమ్మా?"

"పూతరేకు సంగతి ఇది పట్టేస్తుందేమోనని భయమేసింది సార్. ఎలా మోసం చెయ్యాలా అని చదివాను."

"మరి చెయ్యలేదేం?"

"సగంలో ఆ సంగతే మర్చిపోయాను." కాస్త తటపటాయించి, "ఊపిరి సెన్సర్ తప్పు చోట పెట్టారు సార్. జలుబు చేసినవాళ్లకి ఏ పుస్తకమూ నచ్చనట్టు చూపిస్తుంది," అంది.

శేషఫణి డిజైన్ తెరమీదకి తెప్పించి చాలాసేపు చూశాడు.

"సోమవారం నుంచి నా ల్యాబ్‌కి రా," అన్నాడు.

"బ్రాంచి: కొలమాన ఇంజనీరింగ్," అంది యంత్రం.

బయట రత్నమాల ఎదురొచ్చింది. "రాకెట్టేనా?"

"కాదమ్మా. కొలమానం. ఆయన ల్యాబ్‌లోనే."

"అదేం బ్రాంచే? వినడానికే బాలేదు. ఎలా వచ్చింది?"

కౌముది అంతా చెప్పింది. రత్నమాల ఫోన్ తీసింది.

"ఆ పుస్తకం పేరేంటో చెప్పు. ఇవాళ్టినుంచే తమ్ముడి చేత చదివిస్తాను."

"అమ్మా, నాకెవరూ చదవమని చెప్పలేదే."

"తెలుసులే," అంది రత్నమాల. "వాడికీ అదే చెబుతాను. ఎవరూ చెప్పనట్టే చదవమంటాను."