ఇంకా వెచ్చగుంది

వాడు తప్పించుకుంటున్నాడు!

ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట మీద పడుతూ లేస్తూ ఉరుకుతున్నాడు. వెనక ఎస్సై వజీర్, చేతిలో రివాల్వర్. గుట్ట కింద హెడ్ కానిస్టేబుల్ ఆగయ్య నడుపుతున్న జీపు.

పొద్దుగూకింది. దూరంగా గోదావరిఖని లైట్లు వెలుగుతున్నాయి. మే నెల... కాళ్ల కింద మట్టి ఇంకా కాలుతోంది.

వజీర్‌కు ఏమీ అనిపించడం లేదు.

మధ్యాహ్నం బావ సిరాజుద్దీన్‌ను, అతని లారీల రిపేరు షెడ్డులోనే, శవంగా చూశాడు. మెడకు వైరు బిగించి చంపారు. అప్పుడూ ఏమీ అనిపించలేదు. అక్క ఆసియా ఆపా వజీర్ చొక్కా పట్టుకుని ఊపేస్తూ ఏడ్చింది. తమ్ముడు మాత్రం గోడలా నిలబడ్డాడు.

శవం మీద మొదట చెయ్యి వేసింది ఆగయ్య.

"ఇంకా వెచ్చగుంది సార్. గిప్పుడే ఖతం చేసిండ్రు."

పొద్దున సిరాజును చాయ్ బండి కాడ చూశానని కూడా చెప్పాడు. సరిగ్గా అప్పుడే షెడ్డు వెనక గోడ దూకి ఒకడు పారిపోయాడు... కాంట్రాక్టు కూలి కొమురెల్లి!

ఇంకేం కావాలి?

డాక్టర్ మెహరాజ్ బేగం పోస్టుమార్టం అయ్యేదాకా ఆగమంది. వజీర్ ఆగలేదు. బస్తీలన్నీ గాలించి, చివరికి ఈ గుట్ట మీదికి తరిమాడు.

కొమురెల్లి కాలు జారింది.

దొర్లాడు. వజీర్ వాడి మీద పడ్డాడు. ఇద్దరూ దుమ్ములో కలిసి జీపు ముందుకు వచ్చి పడ్డారు.

బేడీలు... క్లిక్!

"నేను సంపలే సార్. పనుందేమో అడుగుదామని పోయిన. అప్పటికే పడున్నడు."

"మరెందుకు ఉరికినవ్?"

కొమురెల్లి రొప్పుతున్నాడు.

"మా అన్న ఉరకలే సార్. మీరు పిలిస్తే జీపు ఎక్కిండు. మళ్ల రాలే."

వజీర్ రివాల్వర్ వాడి నుదుటికి ఆనించాడు.

ఆగయ్య రైఫిల్‌తో జీపు దిగాడు. స్టేషన్ దాకా ఎందుకన్నాడు. పారిపోతుంటే కాల్చామని రాస్తే సరిపోతుందన్నాడు. ఎవరూ అడగరన్నాడు.

నిజమే. ఎవరూ అడగరు.

ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటోంది. కోపం కూడా రావడం లేదు. అదొక పని, అంతే...

జీపులో వైర్‌లెస్ గరగరలాడింది!

"వజీర్ సాబ్... నేను మెహరాజ్. స్టేషన్ల కెల్లి మాట్లాడుతున్న. ఇంటున్నరా?"

వజీర్ ఎడమ చేత్తో మైకు అందుకున్నాడు. రివాల్వర్ కదల్లేదు.

ఆమె గబగబా చెప్పుకుపోతోంది. ఒళ్లు వెచ్చగా ఉందని మోసపోవద్దంది. అది రేకుల షెడ్డు. ఈ ఎండకు లోపల ఒంటి వేడిని మించిన వేడి. రాత్రి కొంత చల్లబడ్డ శవం కూడా పగలు రేకుల కింద మళ్లీ వేడెక్కుతుంది. ఒంటి వేడితో చనిపోయిన టైము లెక్క కట్టలేం. కండరాలను చూడాలి. చచ్చాక బిగుసుకుంటాయి, ఇంత వేడికి ఒక రోజులోపే మళ్లీ వదులవుతాయి. ఇవాళ చనిపోయి ఉంటే ఇంకా కట్టెలా ఉండాలి. సిరాజు చేతులు, కాళ్లు పూర్తిగా వదులైపోయాయి.

"ఆయన పోయింది ఇయ్యాల గాదు. నిన్న రాత్రి."

వజీర్ వేలు ట్రిగ్గర్ మీద ఆగింది.

"ఇంకోటి. కడుపుల బగారన్నం, దాల్చా పప్పు అట్లనే ఉన్నయ్. సొరకాయ ముక్కలు గూడ అరగలే. తిన్నంక ఎక్కువసేపు బతకలే."

బగారన్నం. దాల్చా.

నిన్న రాత్రి వజీర్ ఇంట్లోనే తిన్నారు. బావా, తనూ, ఆగయ్యా. సిరాజు ఎప్పటిలాగే షెడ్డులో పడుకుంటానన్నాడు. దింపి వస్తానని ఆగయ్య స్కూటర్ తీశాడు.

పొద్దున చాయ్ తాగిన సిరాజును చూసిందీ ఆగయ్యే. ఇంకెవరూ చూడలేదు!

వజీర్ నెమ్మదిగా తల తిప్పాడు.

రైఫిల్ గొట్టం అతని ఛాతీకి ఎదురుగా ఉంది.

"ఎందుకు ఆగన్నా?"

ఆగయ్య కళ్లలో నీళ్లు. చేతులు మాత్రం స్థిరంగా ఉన్నాయి.

"దొంగ బొగ్గు లారీలు నేనే దాటిస్తున్న అని నీకు చెప్తనన్నడు సార్. కాళ్లు మొక్కిన. ఇనలే."

వజీర్ రివాల్వర్ ఇంకా కొమురెల్లి వైపే ఉంది. తిప్పేలోపు అయిపోతుంది. తెలుసు. భయం వేయాలి. వేయడం లేదు...

కొమురెల్లికి దారి ఖాళీగా ఉంది. ఎదురుగా గుట్ట, చీకటి. ఉరకవచ్చు.

ఉరకలేదు.

బేడీల చేతులతోనే రైఫిల్ మీదికి దూకాడు!

ఢాం!

వజీర్ గిర్రున తిరిగి కాల్చాడు.

ఢాం!

ఆగయ్య జీపు చక్రం పక్కన కూలాడు. మళ్లీ కదల్లేదు. ఇటు కొమురెల్లి బోర్లా పడి ఉన్నాడు. అతని కింద మట్టి నల్లగా తడుస్తోంది.

వైర్‌లెస్‌లో మెహరాజ్ గొంతు. ఏందా సప్పుడు అని అడుగుతోంది. ఆ తరుముతున్న మనిషికి సంబంధం లేదు, వదిలేయమంటోంది.

వజీర్ మోకాళ్ల మీద పడ్డాడు. కొమురెల్లిని వెల్లకిలా తిప్పి మెడ మీద వేళ్లు పెట్టాడు.

ఏమీ తగల్లేదు.

ఇంకొంచెం కిందికి. గట్టిగా నొక్కాడు. నోట్లోంచి ఏదో మాట... "లే తమ్మీ" అంటున్నాడు. ఎప్పట్నుంచి అంటున్నాడో తనకే తెలియదు. చెంపలు తడిగా ఉన్నాయి.

వేలి కింద... సన్నగా...

కొట్టుకుంటోంది!