వంకర చంద్రుడి శాసనం

పిల్లలూ, శృంగవరాన్ని జయకేతు మహారాజు ఏలుతున్న పన్నెండో ఏట ఆ రాజ్యంలో కన్నీళ్లు తప్ప నీళ్లు లేవు. తప్పు మేఘాలది కాదు. పెద్ద చెరువు తూము దగ్గర రాజుగారి తాత నాటించిన రాతిశాసనం ఒకటి ఉండేది. "సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ నీళ్లు అందరివీ" అని రాసి, పైన సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ చెక్కించాడాయన. మనవడికి పూలతోటల పిచ్చి. నీళ్లన్నీ తన తోటలకే కావాలని ఆ శాసనాన్ని చెరిపించాడు. చెరిపినవాడు శిల్పి మాచోజు. ప్రాణభయంతో ఉలి పట్టాడు, పాపం.

చివరి అక్షరం రాలగానే చెరువు ఇంకిపోయింది. మాచోజు పాదాలూ, కుడిచేతి వేళ్లూ రాయిగా మారాయి. నెలకు జానెడు చొప్పున పాదాల రాయి పైకి పాకసాగింది. గుండెను తాకితే మనిషి దక్కడు. రాయి నడుముకు చేరిన రోజున ఆయన ఒక్కగానొక్క కూతురు ప్రోలమ ఉలిసంచీ, నీళ్లబుర్రా భుజాన వేసుకుంది.

"వద్దు తల్లీ, ఇది నా చేతులారా చేసుకున్నది," అన్నాడు మాచోజు.

"నువ్వు ఊరుకో అయ్యా," అని గుమ్మం దాటి, అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

అడవిలో ఒక ముని కనిపించాడు. "విరుగుడు నాకు తెలియదమ్మా. ఆ చెరువులోని ముసలి తాబేలు ఏడు కొండల అవతలికి పోయింది. దాన్ని అడుగు," అన్నాడు.

ఏడో కొండ మీద, మనుషుల దిగులు తిని బతికే రాక్షసుడు అడ్డం నిలిచాడు. "ఎందుకే పిల్లా ఈ తిప్పలు? నువ్వు వెళ్లేసరికి మీ అయ్య బండరాయి! తిరిగిపో!"

ప్రోలమ గుండె జారిపోయింది. వాడన్నది నిజమే అనిపించింది. "కావచ్చు. దారి ఇయ్యి," అంది. ఏడుస్తూనే నడిచే మనిషిని ఏం చేయాలో తోచక వాడు పక్కకు తప్పుకున్నాడు.

కొండ అవతల ఎండిన బురదలో తాబేలు కొనఊపిరితో ఉంది. ప్రోలమ తన సొరకాయ బుర్రలో మిగిలిన నీళ్లన్నీ దాని నోట పోసింది.

"శాసనం మళ్లీ చెక్కు బిడ్డా," అంది తాబేలు. "సూర్యచంద్రుల్ని మాత్రం చెరిపించినవాడే తన చేత్తో చెక్కాలి."

ప్రోలమ కూలబడిపోయింది. రాజు ఉలి పడతాడా? అయ్య పోయినట్టే!

తిరిగి వచ్చేసరికి రాయి మాచోజు పక్కటెముకలు దాటింది. ప్రోలమ ఆశ లేకుండానే తూము దగ్గర కూర్చుని చెక్కింది. మూడో రోజున రాజుగారి పల్లకీ వచ్చి ఆగింది.

"ఎవరి ఆజ్ఞతో చెక్కుతున్నావు?"

ప్రోలమ ఆయన కాళ్ల మీద పడింది. ఆయన పట్టుబట్ట కింద ఉన్న రాతికి ఆమె నుదురు ఠంగున కొట్టుకుంది.

"ప్రభూ... తమకూనా?"

రాజు తల దించుకున్నాడు. "మోకాళ్లు దాటింది. గద్దె దిగకపోతే అందరూ గర్వం అనుకుంటున్నారు."

"సూర్యచంద్రుల్ని తమరే చెక్కాలట ప్రభూ," అని ప్రోలమ ఉలి అందించబోయింది.

"నాకు చేతకాదు, అమ్మాయీ."

"నేను పట్టిస్తాను దొరా."

సూర్యుడు ఎలాగో కుదిరాడు. చంద్రుడు వంకరపోయాడు. ఆఖరి దెబ్బకు చెరువు అడుగున ఊటలు చిమ్మాయి. రాజుగారి కాళ్లు కదిలాయో లేదో చూడకుండా ప్రోలమ ఇంటికి పరుగెత్తింది.

మాచోజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. శాసనం చెరిపిన కుడిచేతి వేళ్లు మాత్రం రాయిగానే మిగిలాయి. ఎడమచేత్తో కూతురి తల నిమిరి భోరున ఏడ్చాడు.

జయకేతుడు ఆ ఇంటికి చెప్పుల్లేకుండా నడిచి వచ్చి ప్రోలమను ఆస్థాన శిల్పిని చేశాడు. శాసనం మీది చంద్రుణ్ణి సరిచేస్తానని ఆమె అంటే వద్దన్నాడు. తరవాత వచ్చిన రాజులు కూడా ఆ వంకర చంద్రుడి మీద చెయ్యి వేయలేదు.