పోలయ్య గోదాంలో కిక్కు చప్పుడు

ఈ సంగతి నాకు ముందుగా చెప్పింది గణపతిరావే, మరొకడు కాదు. రెండుసార్లు చెప్పాడు, రెండు రకాలుగా. మొదటిసారి మా రైల్వే షెడ్డులో పదిమంది ముందు, మీసం దువ్వుకుంటూ. రెండోసారి పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టొచ్చిన రోజున, నా ఒక్కడి ముందు, తల దించుకుని. నేను రాసేది రెండోదే.

టాటానగర్ పక్కన జుగ్సలాయిలో రైలు గేటు దాటాక, బస్తాల కొట్ల వెనక సందులో పోలయ్య గోదాం అని ఒకటుండేది. పోలయ్య మనవాడే, సోంపేట వైపు మనిషి. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన మోటారుసైకిళ్ళకి అతన్ని మించిన మేస్త్రీ లేడు. అరవై ఎనిమిదిలో పోయాడు. ఆ తర్వాత ఆ గోదాం ఖాళీ.

ఖాళీ అంటే... పగలు ఖాళీ.

చీకటి పడ్డాక లోపల్నించి కిక్కు చప్పుడు వచ్చేది. ధడ్... ధడ్... ధడ్... అంతే. ఇంజను మాత్రం స్టార్టవదు. కాసేపాగి, ఎవరో ఉస్సురన్నట్టు ఉండేది... మళ్ళీ ధడ్. రిక్షావాళ్ళు ఆ సందు మొగలో గంట కొట్టుకుంటూ పరిగెత్తేవారు. రెండేసి బస్తాలు ఒక్కసారే మోసే దున్నల్లాంటి హమాలీలు, ఆ గోడ పక్కన ఒంటికి పోవడానికి జడిసేవారు!

గణపతిరావు టాటానగర్ క్యారేజీ షెడ్డులో ఫిట్టరు. కాపురం గోవింద్‌పూర్‌లో. అంత దూరం నుంచి పొద్దున్న ఆరింటి డ్యూటీకి తీసుకొచ్చేది అతని బండి ఒక్కటే. అదీ యుద్ధకాలం నాటిదే. డెబ్భై ఏడు సెప్టెంబరులో దాని కార్బరేటర్ పోయింది. డబ్బా బీటవేసి పెట్రోలు కారిపోతోంది. ఆ నెలలో అప్పటికే రెండు లేట్లు పడ్డాయి. మూడోది పడితే మేస్త్రీ ప్రమోషను లిస్టులో పేరు కొట్టేస్తారు. పదకొండేళ్ళు ఎదురుచూసిన ప్రమోషను.

వారం రోజులు తిరిగాడు. బిష్టూపూర్ కొట్టులో కుర్రాడు బీటవేసిన డబ్బా చూసి, "చాచా, యే తో కబాడీ మే డాల్ దో," అని పళ్ళికిలించాడు. తుక్కులో పారెయ్యమంటాడు! నట్టుకీ బోల్టుకీ తేడా తెలీని వెధవ, తండ్రి కొట్టు కాబట్టి కూర్చున్నాడు.

అలా తిరుగుతుండగానే విశ్వకర్మ పూజ వచ్చిపడింది. మన ఊళ్ళో సంగతి తెలిసిందే. ఆ రోజు ఏ మేస్త్రీ పానా పట్టడు. పనిముట్లన్నీ కడిగి, బొట్టు పెట్టి, దేవుడి ముందు పెట్టేస్తారు. కొట్లన్నీ మూత. ఆ వారం మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ, తెల్లారితే గణపతిరావుకి మళ్ళీ ఆరింటి డ్యూటీ.

సాయంత్రం అద్దె సైకిలు మీద సిద్ధగోరాలో మెకానిక్కు సూర్యం దగ్గరికి పోయాడు.

"స్కూటరుది బిగించేత్తాను బాబాయ్, రేపు పదింటికి రా," అన్నాడు సూర్యం, ప్రసాదం నములుతూ.

"స్కూటరుదా? నీ ముక్కు కోసి మీ బామ్మర్దికి అతికిత్తే ఊపిరాడుద్దేట్రా?"

సూర్యం నమలడం ఆపాడు. గొంతు తగ్గించాడు.

"అయితే ఒక్కటే ఉంది... పోలయ్య బండిది. ఇంకా ఆ గోదాంలోనే ఉందంట. పెళ్ళాం ఎప్పుడో దేశం, అదే సోంపేట, ఎల్లిపోయింది. కానీ నువ్వెళ్ళకు బాబాయ్."

"చచ్చినోడికి కార్బరేటర్ దేనికిరా?"

ఎలా చెప్పుకున్నా దొంగతనమే.

తొమ్మిది దాటాక సందులో దిగాడు. ఎక్కడో పందిట్లో మైకు మోగుతోంది. గోదాం తలుపుకి తాళం లేదు... తీగ చుట్టి ఉంది. విప్పాడు. లోపల తుప్పు, గోనె, ఎలకల కంపు. టార్చి వేస్తే ఓ మూల గోనె కప్పిన బండి. గోనె ఎత్తాడు.

ట్యాంకు మీద కుంకుమ బొట్టు. దాని పక్కన... వాడని బంతిపూలు.

తొమ్మిదేళ్ళ ఖాళీ కొంపలో ఇవాళ్టి పూలా?

జేబులోంచి పానా తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేశాడు. జంకింది దెయ్యానికి కాదు, పానాకి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో విశ్వకర్మ రోజున అతను పనిముట్టు పట్టలేదు. ఆ రోజున పట్టినవాడికి వేలు దక్కదని షెడ్డులో చిన్నా పెద్దా అందరూ నమ్మేవాళ్ళే.

బయట అడుగుల చప్పుడు.

గోనె వదిలేసి, టార్చి ఆర్పి, బస్తాల వెనక నక్కాడు. తలుపు కిర్రుమంది. వచ్చినదాని చేతిలో దీపం లేదు. అయినా దేనికీ తగలకుండా, చీకట్లో తిన్నగా బండి దగ్గరికే పోయింది... గోనె జారిన చప్పుడు...

ధడ్.

గణపతిరావు బస్తాలకి ఇంకా అంటుకుపోయాడు.

ధడ్... ధడ్... ధడ్...

పారిపోదామంటే దారి ఆ బండి పక్కనించే. ఏడోది... ఎనిమిదోది... అప్పుడు, నమ్మండి మానండి, అతనికి భయాన్ని మించి కోపం వచ్చింది. ఎదట పని తప్పుగా జరుగుతుంటే ఊరుకోవడం అతనికి పుట్టుకతో లేదు.

"ఒరే పోలయ్యా!" అని అరిచాడు. "చచ్చినా పని నేర్చుకోలేదేట్రా? కార్బరేటర్ పిన్ను నొక్కి పెట్రోలు పైకి తేకుండా, ఎన్ని తన్నితే ఏటి స్టార్టవుద్ది?"

చప్పుడు ఆగిపోయింది.

చీకట్లోంచి, మెల్లగా... ఆడగొంతు.

"ట్యాంకులో పెట్రోలుంటే గదా బాబూ, నొక్కడానికి."

టార్చి వేశాడు. చీర ఎగ్గట్టి, కిక్కు మీద కాలు పెట్టి, బక్కపల్చటి ముసలామె. కస్తూరమ్మ, పోలయ్య పెళ్ళాం. ఆమె ఏ దేశమూ పోలేదు. నాలుగు సందుల అవతల ఒక సేఠు ఇంట్లో వంట చేసుకుని బతుకుతోంది.

"దొంగతనానికొచ్చి పాఠాలు సెప్తన్నావేటి?"

గణపతిరావు బస్తాల వెనకనించి బయటికొచ్చి, ఈ తన్నుడేమిటని అడిగాడు.

"తిప్పకుండా వదిలేత్తే ఇంజను బిగుసుకుపోద్దని ఆయన సెప్పి పోయాడు. రోజూ పనయ్యాక వచ్చి పది తన్నులు తంతాను. ఇయ్యాల పూజని తెల్లారకుండానే వచ్చి పూలెట్టెల్లాను. దెయ్యమనుకుంటన్నారు... అనుకోనీ. లేకపోతే కబాడీ వాళ్ళు ఎప్పుడో కోసి అమ్మేసేవోరు."

తొమ్మిదేళ్ళు! ఒక ఆడమనిషి ఒంటికాలి మీద ఇంజను కాపాడుకుంటుంటే, మహా మగాళ్ళున్న ఊరు సందు మొగలో నిమ్మకాయలు కట్టి దణ్ణాలు పెట్టింది.

గణపతిరావు తన మూడో లేటు సంగతి చెప్పుకున్నాడు. ఆమె ట్యాంకు మీది పూలు తీసి పక్కన పెట్టింది. తర్వాత చెయ్యి చాపింది.

"పానా ఇలా తే."

"ఇయ్యాల విశ్వకర్మ పూజమ్మా..."

"అది మేస్త్రీలకి. నన్నెవరూ మేస్త్రీ అన్లేదు గదా."

రెండు నట్లు, ఒక పైపు. వంటింట్లో డబ్బా మూత తీసినంత తేలిగ్గా ఊడదీసింది. అతను అందుకుని లేవబోయాడు.

"ఆగు. లోపల పైకీ కిందకీ ఆడే స్లైడు అక్కర్లేదేటి? రెండూ కలిసి అరిగినవి. ఇడదీత్తే ఏదీ పనికిరాదు."

ఇరవై ఏడేళ్ళ ఫిట్టరు... ఆ మాట మరిచిపోయాడు! ఆమె స్లైడు తీసిచ్చి, ఇంజను నోట్లోకి దుమ్ము పోకుండా శుభ్రమైన గుడ్డ కుక్కింది.

"ఎంతిమ్మంటావమ్మా?"

"డబ్బులొద్దు. ఎవరిచ్చారని అడిగితే నా పేరు సెప్పు. ఊడదీసింది నానని సెప్పు. ఇంక దాసుకోడానికి ఇక్కడేటి మిగిల్లేదు."

సరేనన్నాడు.

పూజ రోజు వెళ్ళిపోయాక, తెల్లారుజామున నాలుగింటికి లాంతరు పెట్టుకుని బిగించుకున్నాడు. రెండో కిక్కుకే అందుకుంది. ఆరుకి పది నిమిషాలుండగా గేటు దాటాడు. దసరా వెళ్ళాక ప్రమోషనూ వచ్చింది.

"మేస్త్రీగారూ, ఎక్కడ దొరికిందండీ ఆ కార్బరేటరూ?" అని షెడ్డులో అడిగారు. ఆయనగారు కొత్త మేస్త్రీ. పూజ రోజున ముసలామె చేత ఊడదీయించుకున్నానని, తను మరిచిన ముక్క ఆమె గుర్తు చేసిందని ఎలా చెప్తాడు?

"పోలయ్యని నాలుగు తిట్టి లాక్కొచ్చాను," అన్నాడు.

ఇక దానికి మా షెడ్డులోనే పనిచేసే బలరామ్ గాడు తోకలు తగిలించాడు. దెయ్యం గణపతిరావు కాళ్ళు పట్టుకుందట! ఆంధ్రా సంఘంలో ఏ పూజకి పోయినా వాడిదే ఉపన్యాసం. నా వెర్నియర్ కొలబద్ద అడిగి పట్టుకెళ్ళి, దవడలు వంచి తెచ్చి, "అలాగే ఇచ్చావు" అన్న మనిషి వాడు. వాడి నోట కొలత సరిగ్గా వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

కస్తూరమ్మ ఆ మాఘంలోనే పోయింది. పోలయ్యే పట్టుకుపోయాడని సందులో చెప్పుకున్నారు. గణపతిరావు అప్పుడు కూడా నోరు విప్పలేదు.

నాకు సంఘానికి వెళ్ళి నిలబడి మాట్లాడే ఓపిక లేదు. ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, బలరామ్ ఆ కథ ఎత్తుకున్నప్పుడు వాడి మొహం మీదే లేచి సరిచేయండి. ఆ కార్బరేటర్ ఇచ్చింది పోలయ్య కాదు, ఊడదీసింది గణపతిరావు కాదు. కస్తూరమ్మ మేస్త్రీ.